పద్యం తీసేసిన పది నిమిషాలు

ప్రేమ్ బజార్ దాటి కాలేజీ గేటులోకి అడుగు పెట్టగానే నా నడక మారిపోతుందని మా ఆవిడ అంటుంది. నిజమే. నడకతో పాటు నోరు కూడా మారుతుంది. మేముండే ఖరిదా పేటలో మా వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి కేకేసి మాట్లాడే మనిషిని, ఆ గేటు లోపల మాటని నాలుగుసార్లు తడుముకుని బయటికి తీస్తాను. ఆ పెద్ద ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ వచ్చాడు. మా నాన్న ఆ వర్క్‌షాపులోనే రిటైరయ్యాడు. నేనొక్కడినే చేతికి గ్రీజు అంటని ఉద్యోగంలో పడ్డాను. ఆ గొప్ప నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది. ఉండేది అనడం కూడా గొప్పే, ఇప్పటికీ ఉంది.

మా తెలుగు నాటక సంఘానికి నేను సెక్రటరీని. సంఘం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. పూరీ గేట్ దగ్గర ఒక గది, రెండు బీరువాల నిండా కిరీటాలు, చిమ్మెటలు కొట్టిన జరీ కోట్లు, ఒక హార్మోనియం. ఏడాదికి ఒకటో రెండో నాటకాలు రైల్వే స్టేజి మీద ఆడతాం. ఆ నాటకాలకి జనం వచ్చేది ఒకే ఒక్క మనిషి కోసం. ఆయన్ని నేను మావయ్య అంటాను. చుట్టరికమేమీ లేదు. మా నాన్నతో కలిసి ముప్పై ఎనిమిదేళ్లు వర్క్‌షాపు లోపలి చక్రాల షాపులో ఫిట్టరుగా చేసినాయన. ఒకే షాపులో అన్నేళ్లు పనిచేసిన వాళ్ల ఇళ్ల మధ్య వరసలు వాటంతటవే కలిసిపోతాయి. ఆయన నన్ను అల్లుడా అంటాడు. స్టేజి మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే.

ఆయన చదువు నాలుగో తరగతి. కానీ పద్యం ఎత్తుకుంటే హాలు చివర బఠాణీలు నమిలేవాళ్లు కూడా నమలడం ఆపేవాళ్లు. మా సంఘంలో వెనకటి తరం టైం ఆఫీసు గుమాస్తా ఒకాయన రాసిన పద్యనాటకం ఒకటుంది. కరువు రోజుల్లో రాజు తన ధాన్యపు కొట్లు జనానికి తెరవమని తాళాలు మంత్రి చేతిలో పెట్టి, కట్టుబట్టలతో ఊరు వదిలిపోతాడు. తాళాలిచ్చే ముందు రాజుకి ఒక పద్యం ఉంది. మావయ్య ఆ పద్యం పాడితే "వన్స్ మోర్" అని కేకలు పడేవి. ఆయన మళ్లీ పాడేవాడు. మళ్లీ కేకలు. ఒక ఏడాది ఐదుసార్లు పాడించారు. ఐదోసారికి తాళాలు అందుకోవాల్సిన మంత్రి వేషగాడు నిలబడలేక సింహాసనం మీద కూర్చుండిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

అలాంటి మనిషికి డెబ్భై నాలుగేళ్లు వచ్చిన ఏడాది, చైనా నుంచి ఒక నాటక సంస్థ మా కాలేజీకి వస్తోందని తెలిసింది. అది వాళ్ల ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ. పాటలు, పద్యాలు ఉండవు, అంతా మాటల నాటకమే. మొదటి రోజు సాయంత్రం వాళ్ల నాటకం. మర్నాడు ఉదయం ఊళ్లోని నాటక బృందాలతో కలయిక. ఒక్కో బృందం పది నిమిషాలు ఏదైనా ఆడి చూపించాలి, తర్వాత కూర్చుని కబుర్లు. కాలేజీలో ఆ ఏర్పాట్లు చూసే ప్రొఫెసరు, బెంగాలీ ఆయన, ఫైలు పట్టుకుని వెళ్లిన నన్ను ఆపి, "మీ తెలుగువాళ్లకీ ఒక సంఘం ఉందట కదా, మీరూ రండి" అన్నాడు. అంతే అన్నాడు. ఏం ఆడాలో, ఎలా ఆడాలో ఒక్క మాట చెప్పలేదు. దీన్ని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పింది వేరు.

సంఘం గదిలో ఈ సంగతి చెబితే గోల మొదలైంది. సర్కారు నాటక సంస్థ ఏమిటన్నది మావాళ్లకి ఒక పట్టాన బుర్రకెక్కలేదు. అక్కడ నటులకి నెల జీతాలుంటాయనీ, పొద్దున వెళ్లి రిహార్సలు చేయడమే వాళ్ల ఉద్యోగమనీ చెప్పాను.

"నాటకాలాడితే గవర్మెంటు జీతమిస్తాదా? పింఛనుంటాదేటి?" అన్నాడొకడు.

"ఫ్యామిలీకి పాసులిస్తారా?" ఇంకొకడు.

మావయ్య బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. "మనం షిఫ్టు దిగొచ్చి మొకానికి రంగేసుకునేవోళ్లం. ఆళ్లకి రంగేసుకోడమే షిఫ్టన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. "అలాటోళ్ల ముందర ఒక్కపాలి పాడాలిరా అల్లుడా. ఎక్కువొద్దు. తాళాల పద్దెం ఒక్కటి. మన పని మన పనిలాటి పని సేసేవోళ్లే సూడాల" అన్నాడు.

ఆయన అడిగింది అదే. జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే.

నాకేమో అప్పటికే లోపల పురుగు తొలుస్తోంది. ఆ హాలు నాకు తెలుసు. మెత్తని కుర్చీలు, ముందు వరసలో ప్రొఫెసర్లు, వాళ్ల భార్యలు, హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగు ప్రొఫెసరు కూడా ఉంటాడు. అక్కడ మావయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బించి రాగం తీస్తూంటే, ఆ తెలుగు ప్రొఫెసరు పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్వడం ముందే కనబడింది నాకు. వచ్చినవాళ్లు మాటల నాటకం ఆడేవాళ్లు. వాళ్ల ముందు మేం హార్మోనియం పెట్టుకుని కిరీటాలతో దిగితే నా పరువు ఏం కావాలి? సంఘం పరువు కాదు, నాదే. ఆ రోజు సంఘం అనుకున్నాను గానీ.

రెండు రోజులాగి మావయ్య ఇంటికి వెళ్లాను. "మావయ్యా, వాళ్లు పాటలూ పద్యాలూ వద్దన్నారు. మాటలే ఉండాలట. రూలు" అన్నాను.

"రూలా?"

"రూలే."

రైల్వేలో బతికినవాళ్లకి రూలు అంటే చాలు, ఇంక ఎదురు ఉండదు. ఆ సంగతి తెలిసే ఆ మాట వాడాను. ఆయన గడ్డం గీక్కుని, "ఠీక్ హై. రూలైతే ఏటి సేత్తాం" అన్నాడు. హార్మోనియం వాయించే ఆయనకి రావద్దని నేనే కబురు పెట్టాను. కిరీటం వద్దన్నాను, తెల్ల పంచె, లాల్చీ చాలన్నాను. పద్యం అర్థాన్ని పేజీన్నర వచనంగా రాసి ఇచ్చాను. నా వచనం చాలా బాగుందని కూడా అనుకున్నాను. సిగ్గులేని ముండాకొడుకుని.

ఆ పేజీన్నర ఆయనకి రాలేదు. మూడు వారాలు తంటాలు పడ్డాడు. పొద్దున ఆయన గడ్డం గీసుకుంటూంటే ఆయన భార్య, మా అత్తమ్మ, గుమ్మంలో కూర్చుని కాగితం చదివి వినిపించేది. ఆయన అప్పజెప్పేవాడు, రెండు వాక్యాలు దాటి ఆగిపోయేవాడు. "ఇది నా నోట్లో నిలబడతాలేదురా అల్లుడా. పద్దెమైతే దానికదే నడుత్తాది. దీన్ని నేను మొయ్యాల" అన్నాడు. ఆయనకి ఆ పద్యం మాటలుగా తెలియదు. హార్మోనియం మీద శ్రుతి పడితే మొదటి పాదం వస్తుంది, మొదటి పాదం రాగం ముగిసిన చోట రెండోది అందుకుంటుంది. ఆయన జ్ఞాపకమంతా ఆ స్వరాల్లో ఉంది. నాకది తెలుసు. తెలిసి కూడా, "బట్టీ పట్టు మావయ్యా, చిన్నపిల్లలే పడతారు" అని విసుక్కున్నాను.

చైనా వాళ్ల నాటకానికి ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. బట్టల మిల్లు మూతబడే రోజున ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల తల్లి ఒక గదిలో సామాను సర్దుకుంటారు, అంతే కథ. పక్కన తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. నేను అవి చదవడంలో మునిగిపోయి నటుల మొహాలు సగం చూడలేదు. మావయ్య అక్షరాల వైపు చూడనే లేదు. గంటన్నర కన్ను తిప్పకుండా చూశాడు. అన్న వేషం వేసిన పెద్దాయన, ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని మెల్లిగా ఏదో అంటున్నప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మాటలే అన్నావు. ఇనుకో. ఆయన శ్రుతిలో ఉన్నాడురా. ఎక్కడా దిగతాలేదు."

"వాళ్ల భాషే అంత మావయ్యా."

"భాష కాదెహె. ఊపిరి ఎక్కడ తీత్తన్నాడో సూడు."

బయటికి వచ్చాక, సైకిళ్ల దగ్గర, మెల్లిగా అడిగాడు. "రేపు నేను మాటలు సెప్పీసి, ఆకర్న ఒక్క పద్దెం అందుకుంటే రూలు ఒప్పుకోదేటి? హార్మోనీ పెట్టి కూడా ఒద్దులే. ఉత్తి గొంతుతోనే."

"మావయ్యా, నా పరువు తియ్యకు" అన్నాను. ఆయన సైకిలు తాళం తీసుకుని నా కంటే ముందు వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం ముందు బెంగాలీ బృందం ఆడింది. కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు, నల్ల బట్టలు, చకచకా మాటలు, బాగా చేశారు. తర్వాత మేము. మావయ్య స్టేజి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. మొదటి మూడు వాక్యాలు చెప్పాడు. నాలుగోది రాలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. కుడిచెయ్యి పంచె పక్కన వేళ్లతో తాళం వేస్తోంది, నోరు మాత్రం తెరుచుకుని ఉంది. పక్క తెర వెనక నుంచి నేను అందిస్తూంటే, ఆయన ఒక్కో మాటా పట్టుకుని అప్పజెప్పాడు. పది నిమిషాల అంశం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తాళాలు మంత్రి చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి, మెట్ల మీద గోడ పట్టుకుని దిగాడు. అంతమంది ముందర నలభై ఏళ్లలో ఎప్పుడూ ఆయన మాట మరిచిపోలేదు. మర్యాదగా చప్పట్లు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కూడా ఆయన కోసం కాదు, నా కోసమే.

తర్వాత కుర్చీలు గుండ్రంగా వేశారు. చైనా వాళ్లలో అరవై ఏళ్లావిడ ఒకామె ఉంది, సంస్థలో పెద్ద నటి, ముందురోజు నాటకంలో తల్లి వేషం వేసింది. ఆమె చెప్పేది వాళ్ల దుబాసీ అమ్మాయి ఇంగ్లీషులో చెబుతోంది. మావయ్య కోసం నేను దాన్ని తెలుగు చేస్తున్నాను.

ఆమె చెప్పింది ఇది. వాళ్లు ఆడే మాటల నాటకం వాళ్ల తాతల నాటిది కాదట, బయటి దేశాల నుంచి చూసి నేర్చుకున్నదట. దానికి ముందు వాళ్ల స్టేజి మీద అందరూ పాడేవాళ్లేనట. ఇప్పటికీ తమ సంస్థలో కొత్త వేషం దొరికితే, అడుగెలా వెయ్యాలో, ఊపిరెక్కడ తియ్యాలో తెలుసుకోవడానికి ఆ పాత పాట నటుల దగ్గరికే వెళతారట. "ఈ దేశంలో స్టేజి మీద పాడేవాళ్లని వినాలని ఎంతో ఆశతో వచ్చాం. ఎక్కడికి వెళ్లినా మా కోసమని మాటల నాటకాలే చూపిస్తున్నారు" అని నవ్వింది.

నేను తెలుగు చేస్తూ చేస్తూ సగంలో తడబడ్డాను. మావయ్య నా మొహంలోకి చూశాడు. రూలు ఏదీ లేదని ఆయనకి ఆ క్షణాన తెలిసిపోయింది.

అప్పుడామె కుర్చీ ముందుకి జరుపుకుని, సూటిగా మావయ్యనే అడిగింది. "మీరు స్టేజి మీద మాట కోసం వెతకలేదు, స్వరం కోసం వెతికారు. మీ చెయ్యి చూశాను. ఇది మీరు పాడతారు కదూ?"

అది మాత్రం ఉన్నది ఉన్నట్టు తెలుగు చేశాను. మావయ్య మొహం చూడాల్సింది. నిటారుగా కూర్చున్నాడు. లాల్చీ సర్దుకున్నాడు.

"పాడతానమ్మా. ఇప్పుడు పాడమంటే ఇప్పుడే పాడతాను. పెట్టి లేకపోయినా పరవాలేదు" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ప్రొఫెసరు, ఆయన భార్య, నల్ల బట్టల పిల్లలు, కాళ్ల మీద కాళ్లు వేసుకున్న హైదరాబాదు ప్రొఫెసరు. అప్పటికే ఒకసారి తలవంపులయ్యాయి. ఈయన ఇప్పుడు పాడితే, పాడుతూ గొంతు జీరబోతే, లేదా బాగా పాడితే, బాగా పాడి అంత బాగా పాడేవాణ్ని ఎందుకు పాడనివ్వలేదని ఎవరైనా అడిగితే... ఇదంతా ఒక్క క్షణంలో ఆలోచించానని చెప్పుకోవడం కూడా అబద్ధమే. ఆలోచించలేదు. నోటికి వచ్చేసింది. ఇంగ్లీషులో చెప్పాను, ఒకప్పుడు పాడేవారట, ఇప్పుడు గొంతు పోయిందట.

దుబాసీ అమ్మాయి దాన్ని వాళ్ల భాషలో చెప్పింది. పెద్దావిడ లేచి వచ్చి, మావయ్య ముందు కాస్త వంగి, రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మావయ్య ఆమె చేతుల వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత కుడిచెయ్యి మెల్లిగా విడిపించుకుని, గొంతు మీద పెట్టుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

ఆ రోజు నుంచి ఆయన పాడలేదు. వినాయక చవితి పందిట్లో అడిగారు, గొంతు చూపించి "పోయిందిరా" అన్నాడు. సంఘం వార్షికోత్సవంలో అడిగారు, అదే మాట. మావాళ్లు డాక్టరుకి చూపించమని నాకే చెప్పారు. నేను సరేనన్నాను. ఐదు నెలలు ఆయన ఇంటి వైపు పోలేదు. పోవాలంటే మొహం చెల్లలేదు.

చివరికి ఒక ఆదివారం వెళ్లాను. అత్తమ్మ బజారుకి వెళ్లింది. ఆయన వరండాలో సైకిలు చక్రం విప్పి బేరింగు బాల్స్‌కి గ్రీజు పెడుతున్నాడు. నేను నిలబడే చెప్పాను.

"మావయ్యా, ఆ రోజు నువ్వు చెప్పింది నేను చెప్పలేదు."

"తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు ఇంగిలీసులో తిట్టే ఫోర్మన్ల కింద సేసినాను. గొంతు పోయిందంటే ఆపాటి తెలీదేటి?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏటవుద్ది? అంతమంది ముందర నువ్వు అబద్దాలకోరువి అయిపోదువు. రేపు నువ్వక్కడ ఉజ్జోగం సేసుకోవాల."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు బాల్స్ లెక్కగా పేర్చుకుంటున్నాడు. "పాడు మావయ్యా. ఇక్కడెవరూ లేరు. నా కోసం ఒక్కసారి పాడు" అన్నాను.

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కోపంగా లేడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆయమ్మ నా సేతులు పట్టుకుని కళ్లనీళ్లెట్టుకుంది. ఆయమ్మ మన పనిలాటి పని సేసే మనిసి. ఆయమ్మకి గొంతు పోయినాదని తలూపి, ఇక్కడ వొరండాలో కూకుని పాడమంటావా? నువ్వాడినావు అబద్దం. నేనాడలేను."

ఆ తర్వాత మూడేళ్లు ఉన్నాడు. ఇంట్లో కూడా, స్నానం చేసేటప్పుడు కూడా, కూనిరాగం తియ్యలేదని, గొంతుకి మాత్రం ఏమీ కాలేదని అత్తమ్మ చెప్పింది.

ఆయన పోయాక సంఘం గదిలో సంతాపసభ పెట్టాం. సెక్రటరీని కాబట్టి నేనే మాట్లాడాలి. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే మైకు పట్టుకున్నాను. తాళాల పద్యం గురించి చెప్పాను, ఐదుసార్లు వన్స్ మోర్ గురించి చెప్పాను. అక్కడికి వచ్చేసరికి తలుపు దగ్గర మా కాలేజీ ప్రొఫెసరు నిలబడి ఉన్నాడు, మర్యాదకి వచ్చాడు. చివరి రోజుల్లో గొంతు పోయి పాడలేకపోయారని చెప్పాను. అందరూ అయ్యో అన్నట్టు తలలూపారు. మొదటి వరసలో కూర్చున్న అత్తమ్మ ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. తర్వాత తనూ తల ఊపింది.